బెంగళూరు ఫ్లాట్లో చలికాలం: ఎండ ఎటునుంచి, గాలి ఎప్పుడు

డిసెంబర్ మధ్యాహ్నం ఒంటిగంటకి బెంగళూరులో రోడ్డు మీద నిలబడితే వీపు చుర్రుమంటుంది, స్వెటర్ వేసుకొచ్చినవాళ్లు తీసి చేతిమీద వేసుకుంటారు. అదే మనిషి లిఫ్టెక్కి ఫ్లాట్లోకి వచ్చి చెప్పులు విప్పగానే పాదాలు జివ్వుమంటాయి, పది నిమిషాలు సోఫాలో కూర్చుంటే మళ్లీ స్వెటర్ కోసం వెతుక్కోవాలి. మారతహళ్లి, కె.ఆర్.పురం, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగు ఇళ్లలో ఈ మాట ప్రతి ఏడాదీ వింటాం. ముఖ్యంగా ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు "ఇదెక్కడి విడ్డూరం, బయట వెచ్చగా ఉంది, ఇంట్లో వణుకు పుడుతోంది" అంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం, దానికి కారణమూ ఉంది. ఆ కారణం తెలిస్తే ఏ గదిలో పడుకోవాలి, కిటికీ ఎప్పుడు తీయాలి, బట్టలు ఎక్కడ ఆరేయాలి, వాకింగ్‌కి ఎన్నింటికి వెళ్లాలి అనే ప్రశ్నలన్నిటికీ దాదాపు ఒకే జవాబు దొరుకుతుంది: పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇల్లు తెరిచి పెట్టుకోవాలి, పొద్దు వాలకముందే మూసేయాలి. మనలో చాలామంది దీనికి సరిగ్గా ఉల్టా చేస్తున్నాం.

ముందు ఊరి సంగతి. చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి, అంటే రెండు ఊళ్లకీ సూర్యుడు ఒకే ఎత్తులో కనిపిస్తాడు. అయినా జనవరి రాత్రి చెన్నైలో కనిష్ఠ ఉష్ణోగ్రత 20, 21 డిగ్రీల దగ్గర ఆగితే బెంగళూరులో 15, 16కి దిగుతుంది. తేడా ఎక్కువగా ఎత్తులో ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల పైన ఉంది, ఒక్కో కిలోమీటరు పైకి వెళ్లేకొద్దీ గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, లెక్క సరిపోయింది. సముద్రం దూరంగా ఉండటంతో రాత్రి చలికి అడ్డూ లేదు. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి నాటి మాట. మొత్తం మీద ఇది రూమ్ హీటర్ కొనాల్సిన చలి కాదు, పగలు 26, 27 డిగ్రీలు ఉండే ఊరిది. అంత మంచి పగలు బయట ఉంటే ఇంట్లో వణకడం ఎందుకు?

మనం ఉండేది కాంక్రీట్ పెట్టెలో. కాంక్రీట్ గోడ వేడిని గానీ చలిని గానీ చప్పున వదలదు. బయట గోడకి తగిలిన ఎండ లోపలి వైపుకి చేరడానికి గోడ మందాన్ని బట్టి ఐదారు గంటలు పడుతుంది. రాత్రంతా చల్లబడిన గోడ, మధ్యాహ్నం బయట గాలి వేడెక్కినా తను మాత్రం తెల్లవారుజామునే ఉండిపోతుంది. పైగా మన ఒంటికి చలి తెలిసేది గాలి వల్ల మాత్రమే కాదు. చుట్టూ ఉన్న గోడలు ఒంటికంటే చల్లగా ఉంటే ఒంట్లో వేడి వాటివైపు పోతూనే ఉంటుంది, అందుకే గదిలో థర్మామీటర్ 23 చూపిస్తున్నా కూర్చుని పనిచేసేవాళ్లకి అంతకంటే చల్లగా అనిపిస్తుంది. నేల సంగతి మరీనూ. మన ఫ్లాట్లన్నీ విట్రిఫైడ్ టైల్సో, గ్రానైటో. అవి గది ఉష్ణోగ్రతలోనే ఉన్నా పాదంలోని వేడిని చప్పున లాగేస్తాయి. మంచం పక్కన, కంప్యూటర్ టేబుల్ కింద ఒక జంపఖానాయో చాపో వేస్తే వచ్చే తేడా, దానికి పదింతలు ఖరీదైన హీటర్‌తో రాదు. మీరు స్టిల్ట్ పార్కింగ్ మీదున్న మొదటి అంతస్తులో ఉంటే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే మీ నేల కింద ఇంకొకరి ఇల్లు లేదు, రాత్రంతా కార్ల మధ్య తిరిగే చల్లగాలే ఉంది. అన్నిటికంటే పై అంతస్తువాళ్లది వేరే కథ: సాయంత్రం ఏడెనిమిదికి బిల్డింగంతటిలో వాళ్ల ఇల్లే వెచ్చన, తెల్లవారుజామున వాళ్లదే చల్లన, కప్పు రాత్రంతా ఆకాశానికి వేడిని వదిలేస్తుంది కాబట్టి.

ఇక అసలు విషయం ఎండ. ఫ్లాట్ కొనేటప్పుడు, అద్దెకి తీసుకునేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది "ఫేసింగ్ ఏంటి" అని. ఈస్ట్ ఫేసింగ్ అయితే సంతోషం, సౌత్ ఫేసింగ్ అయితే మొహం చిట్లింపు. కానీ అపార్ట్‌మెంట్లో ఫేసింగ్ అంటే మెయిన్ డోర్ ఎటు ఉందో చెప్పే మాట, ఆ డోర్ తెరుచుకునేది కారిడార్‌లోకి, అక్కడ ఏ దిక్కైనా ట్యూబ్‌లైట్ వెలుగే. ఎండ వచ్చేది బాల్కనీలోంచి, కిటికీల్లోంచి. చాలా ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్లకి బాల్కనీ పడమటివైపు ఉంటుంది, చాలా నార్త్ ఫేసింగ్ ఫ్లాట్లకి దక్షిణం వైపు ఉంటుంది. వాస్తు మీద నమ్మకం ఉన్నవాళ్లని నేను కాదనను, డోర్ సంగతి మీ ఇష్టం, ఎండ సంగతి మాత్రం బాల్కనీ దగ్గర నిలబడి చూసుకోండి.

సెప్టెంబర్ 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఉదయించి, పడమరకి కాస్త దక్షిణంగా అస్తమిస్తాడు. డిసెంబర్ 21, 22 నాటికి ఆ వాలు బాగా ఎక్కువై, ఉదయించే చోటు సరైన తూర్పుకి 24 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. అంటే ఆ ఆరు నెలలూ ఉత్తరపు గోడకి నేరుగా ఒక్క కిరణం తగలదు. ఉత్తరం బాల్కనీ ఉన్నవాళ్లు ఎండ కోసం పరదా తీసి కూర్చోవడం వల్ల లాభం లేదు. దక్షిణం బాల్కనీకి మాత్రం ఇదే పంటకాలం. డిసెంబర్ చివర్లో బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి రాడు, మధ్యాహ్నం పన్నెండుం పావు ప్రాంతంలో దక్షిణపు ఆకాశంలో 53 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగుతాడు. అలా ఏటవాలుగా రావడం వల్ల పై అంతస్తు స్లాబ్ అంచు దాటి లోపలికి దూరతాడు. స్లాబ్ తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉండి బాల్కనీ ఐదడుగుల వెడల్పుంటే, ఎండ బాల్కనీ మొత్తం దాటి గదిలోకి ఇంకో రెండడుగులు వస్తుంది. అదే ఏప్రిల్ చివరికి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి చేరి, మే, జూన్, జులైల్లో మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపుకి వెళ్లిపోతాడు, అప్పుడు దక్షిణం బాల్కనీ స్లాబ్ నీడలో ఉంటుంది. చలికాలం ఎండ, ఎండాకాలం నీడ. మనం వద్దనుకునే దక్షిణానికే ఈ రెండు వరాలూ ఉన్నాయి, ఈ ఊళ్లో ఇంకే దిక్కుకీ లేవు.

తూర్పు బాల్కనీకి ఏడు నుంచి పదకొండు దాకా ఎండ వస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది చాలా సుఖం. పడమటి గది మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా ఎండ పీల్చుకుని, ఆ వేడిని రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్యలో మెల్లగా లోపలికి వదులుతుంది. ఏప్రిల్‌లో ఆ గదిలో పడుకోలేక తిట్టుకుంటాం, జనవరిలో ఇంట్లో వెచ్చని గది అదే. చలి రెండు నెలలూ పెద్దవాళ్ల మంచం పడమటి గదిలోకో దక్షిణపు గదిలోకో మార్చడానికి ఒక ఆదివారం పొద్దున గంట చాలు. మార్చడానికి గది లేకపోతే కనీసం తల ఉత్తరపు బయటి గోడకి ఆనకుండా మంచాన్ని జానెడు జరపండి.

అయితే దక్షిణం బాల్కనీ ఉన్నా ఎండ రాని ఫ్లాట్లు ఈ ఊళ్లో బోలెడు, కారణం ఎదురు బిల్డింగ్. దీనికో తేలిక లెక్క ఉంది. డిసెంబర్ మధ్యాహ్నం ఎండ వాలు ఎలా ఉంటుందంటే, మూడడుగుల ఖాళీ దాటేసరికి కిరణం నాలుగడుగులు కిందికి దిగుతుంది. మీకు దక్షిణాన నలభై అడుగుల బిల్డింగ్ ఉండి, మధ్యలో ఖాళీ పదడుగులే అయితే, ఎండ పదమూడు అడుగులే దిగుతుంది, అంటే మీ గోడ మీద నేలనుంచి ఇరవై ఏడు అడుగుల ఎత్తు వరకూ నీడే. పై అంతస్తువాళ్లకి ఎండ, కిందివాళ్లకి లేదు. ఎదురుగా ముప్పై అడుగుల రోడ్డుంటే అదే బిల్డింగ్ పక్కన కింది ఫ్లాట్‌కి కూడా దర్జాగా ఎండ వస్తుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బ్రోకర్ ఏం చెప్పినా ఈ రెండు కొలతలూ కంటితో అంచనా కట్టుకోండి. చలికాలంలోనే, మధ్యాహ్నం పూటే చూడగలిగితే అంతకంటే మంచిది లేదు.

ఎండ వచ్చే అదృష్టం ఉన్నవాళ్లు కూడా దాన్ని బయటే ఆపేస్తుంటారు. బాల్కనీ అడ్డంగా తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేస్తే ఇంటికి రావలసిన ఎండంతా దుప్పటి తాగేస్తుంది. బట్టలు ఒక పక్కకి, తలుపుకి అడ్డం రాకుండా వేయండి. మందపాటి పరదాలు పొద్దున పదింటికి పూర్తిగా పక్కకి లాగి, ఐదింటికి మళ్లీ మూయండి. ఆఫీస్‌కి వెళ్లేవాళ్లు ఇల్లు మొత్తం మూసి, పరదాలు వేసి వెళ్తారు, రాత్రి ఎనిమిదికి వచ్చి "గాలాడటం లేదు" అని కిటికీలు తీస్తారు. పగటి వెచ్చదనం లోపలికి రాలేదు, ఇప్పుడు రాత్రి చల్లదనం వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో పగలు ఎవరూ లేకపోతే గ్రిల్, దోమతెర ఉన్న కిటికీలు కొద్దిగా తీసి, కనీసం పరదాలైనా తీసి వెళ్లండి. అద్దంలోంచి వచ్చిన ఎండ కూడా నేలని వేడి చేస్తుంది. పొద్దు వాలకముందే కిటికీలు మూసేయడంలో ఇంకో లాభం కూడా ఉంది, దోమలు ఇంట్లోకి దూరేది పొద్దు వాలే వేళకే.

ఒక్క మినహాయింపు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజులు ఇక్కడ మబ్బు, ముసురు, పగలు కూడా ఇరవై దాటీ దాటనట్టు ఉంటుంది. ఆ రోజుల్లో కిటికీ తీయడం వల్ల వెచ్చదనం రాదు. వంటింట్లో ఎగ్జాస్ట్ వేసుకుని, కాసేపు గాలి మారనిచ్చి మూసుకోవడమే.

ఇప్పుడు గాలి. మధ్యాహ్నమే కిటికీ తీయమనడానికి వెచ్చదనం ఒక్కటే కారణం కాదు. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది, దానిపైన వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ, కన్‌స్ట్రక్షన్ దుమ్ము అన్నీ ఆ మూత కింద ఇరుక్కుంటాయి. తెల్లవారుజామున దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ వైపు పొగమంచు పట్టి ఫ్లైట్లు లేటయ్యే రోజుల్లో, మన వీధిలో గాలి కూడా అలాగే కదలకుండా ఉందని అనుకోవచ్చు. ఎండెక్కి నేల వేడయ్యాక, పది దాటాక ఆ పొర విచ్చుకుంటుంది, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్యలో గాలి అన్నిటికంటే మెరుగ్గా ఉంటుంది, రాత్రి ఎనిమిది తర్వాత మళ్లీ పేరుకుంటుంది. "పొద్దున్నే ఫ్రెష్ ఎయిర్" అని ఆరింటికి కిటికీలన్నీ బార్లా తీసే అలవాటు పల్లెటూళ్లో సరైనదే, ఔటర్ రింగ్ రోడ్ పక్కన చలికాలంలో కాదు. స్కూల్ బస్సులు, ఆఫీస్ క్యాబ్‌లు రోడ్డెక్కేదీ, వీధుల్లో రాలిన ఆకులు కుప్పపోసి కాల్చేదీ అప్పుడే.

గాలి ఎలా ఉందో యాప్‌లో చూసుకునేవాళ్లకి ఒక మాట. మన దేశపు లెక్కలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి క్యూబిక్ మీటరుకి 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా "సంతృప్తికరం" అనే చూపిస్తుంది, రోజు సగటుకి మన హద్దు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో ఆకుపచ్చ రంగు చూసి నిశ్చింతగా ఉండకుండా, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే పీఎం 2.5 అంకెని కూడా చూడండి. ఢిల్లీతో పోలిస్తే మనం ఎంతో నయం, ఆ పోలిక మాత్రం చిన్నపిల్లల ఊపిరితిత్తులకి పనికిరాదు. డక్ట్‌లో, ఏసీ యూనిట్ల వెనక పావురాలు చేరితే వాటి ఎండిన రెట్టల పొడి, ఈకల ధూళి కొందరిలో ఊపిరితిత్తుల జబ్బుకే దారితీస్తుంది. ఆ కిటికీ వైపునుంచి గాలి తీసుకోవద్దు. శుభ్రం చేయాల్సి వస్తే ముందు నీళ్లు చల్లి తడిపి, మాస్క్ పెట్టుకుని చేయించండి, పొడిగా ఊడిస్తే గాల్లోకి లేస్తుంది.

బెంగళూరు చలికాలంలో రెండు ముక్కలున్నాయి, రెండిటికీ ఇల్లు చూసుకునే పద్ధతి వేరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా ఈశాన్య రుతుపవనాల తడి ఉంటుంది. ఆ తర్వాత ఫిబ్రవరి దాకా పొడి. మొదటి ముక్కలో సమస్య బూజు. అటక మీదనుంచి తీసిన రగ్గులకి ముక్కిపోయిన వాసన, ఉత్తరపు గోడకి ఆనించిన బీరువా వెనక నల్లటి మచ్చలు. ఇద్దరు మనుషులు తలుపులేసుకుని ఎనిమిది గంటలు పడుకుంటే వాళ్ల ఊపిరి, చర్మం నుంచే అరలీటరుకి పైగా నీరు గాల్లో కలుస్తుంది. వాషింగ్ మెషీన్ నిండా ఉతికిన బట్టలు గదిలో ఆరేస్తే ఇంకో రెండు లీటర్లకి తక్కువుండదు. ఆ తేమ అంతా ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటికి, అంటే ఎండ తగలని బయటి గోడకి చేరుతుంది. గాల్లో తేమ లాగే డిహ్యూమిడిఫైయర్ కొనేముందు బీరువాని గోడకి బెత్తెడు దూరం జరపండి, స్నానం అయ్యాక బాత్రూమ్ ఎగ్జాస్ట్ పావుగంట నడవనివ్వండి, బట్టలు మధ్యాహ్నమే బయట ఆరేయండి. రగ్గులు, దుప్పట్లు వాడేముందు వేడినీళ్ల సైకిల్లో, 60 డిగ్రీల దగ్గర ఉతికితే వాటిలో ఉండే డస్ట్ మైట్స్, అంటే కంటికి కనపడని దుమ్ము పురుగులు చస్తాయి. చలికాలం మొదలవగానే పొద్దున్నే వరసగా వచ్చే తుమ్ముల్లో చాలావాటికి కారణం అటక మీదనుంచి దిగిన ఆ రగ్గే.

పొడి ముక్కలో పెదాలు పగలడం, కాళ్లు తెల్లగా గీతలు పడటం, రాత్రి గొంతు ఎండిపోవడం. స్నానానికి మరీ మరిగే నీళ్లు వద్దు, ఒంటిమీద ఉండే సహజమైన నూనె పోతుంది. ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనో క్రీమో రాసుకుంటే నిలుస్తుంది. ఆదివారం నువ్వులనూనె పట్టించుకుని సున్నిపిండితో తలంటుకునే అలవాటు ఇంట్లో ఉంటే దాన్ని జనవరిలో మానకండి.

వేడినీళ్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలతో పని. మామూలు కరెంట్ గీజర్ లెక్క సులువు: పదిహేను లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 50కి తేవడానికి అర యూనిట్ చాలు, రెండు కిలోవాట్ల గీజర్‌కి పావుగంట పని. రోజంతా ఆన్‌లో ఉంచక్కర్లేదు. టెర్రస్ మీద సోలార్ ఉన్న బిల్డింగ్‌లో పొద్దున్నే పైపులో నిలిచిన చల్లనీళ్లు పోయేదాకా ట్యాప్ తిప్పి వదిలేస్తుంటాం. ముప్పై మీటర్ల ముప్పావు అంగుళం పైపులో ఏడెనిమిది లీటర్లుంటాయి, అది సగం బకెట్. కింద బకెట్ పెట్టి పట్టండి, ట్యాంకర్ నీళ్ల ఊరు ఇది.

గ్యాస్ గీజర్ మాత్రం వేరు. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉండి, చలిగా ఉందని వెంటిలేటర్ మూసేసి స్నానం చేస్తే, గాలి చాలక గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌కంటే రెండొందల రెట్లకి పైగా బలంగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, మత్తుగా ఉండటం, అంతే, తలుపు గడియ తీసే ఓపిక కూడా మిగలదు. చలికాలంలో బెంగళూరులో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. గ్యాస్ గీజర్ యూనిట్ బయట, యుటిలిటీ బాల్కనీలో ఉండాలి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి. అద్దె ఇంట్లో బాత్రూమ్ లోపలే బిగించి ఉంటే ఓనర్‌తో గొడవపడైనా సరే మార్పించండి, అప్పటిదాకా బకెట్‌లోకి నీళ్లు పట్టుకుని, గీజర్ ఆపి, కిటికీ తీసి ఉంచి స్నానం చేయండి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకోవడం కూడా ఇదే ప్రమాదం, బాలింత ఉన్న ఇళ్లలో ఈ పని ఇప్పటికీ చేస్తున్నారు.

పెద్దవాళ్ల విషయానికి వస్తే, ఫ్లాట్లో చలికాలం అందరికంటే ఎక్కువ కష్టపెట్టేది వాళ్లనే. ఊళ్లో అయితే అరుగు మీద ఎండలో కూర్చునేవాళ్లు, ఇక్కడ ఉత్తరం బాల్కనీ ఫ్లాట్లో టీవీ ముందు శాలువా కప్పుకుని ఉండిపోతారు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండె జబ్బున్నవాళ్లకి తెల్లవారుజాము చలి మంచిది కాదు. అయినా ఐదున్నరకే వాకింగ్‌కి బయల్దేరతారు. ఈ ఊళ్లో ఒక చిత్రం ఉంది: పగలు అతి తక్కువ ఉండేది డిసెంబర్ 22 ప్రాంతంలో అయినా, సూర్యుడు అన్నిటికంటే ఆలస్యంగా లేచేది జనవరి మూడు, నాలుగు వారాల్లో, ఆరూ ముప్పావు ప్రాంతంలో. సంక్రాంతి వెళ్లింది కదా అని పాత టైమ్‌కే బయల్దేరితే చీకట్లో, చలిలో, పేరుకున్న పొగలో నడవాలి. తొమ్మిది దాటాక వెళ్లమనండి, పదింటికైతే ఇంకా మేలు.

విటమిన్ డి కూడా ఆ వేళకే. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉన్నప్పుడే దాన్ని తయారుచేసే కిరణాలు బాగా అందుతాయి, డిసెంబర్ చివర్లో బెంగళూరులో అది సుమారు పదిన్నర నుంచి రెండింటి దాకా. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వెచ్చదనం వస్తుంది గానీ విటమిన్ డి రాదు, ఆ కిరణాలని అద్దం ఆపేస్తుంది. మా బిల్డింగ్‌లో గుడివాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు, వాళ్లది ఉత్తరం బాల్కనీ. ఆవిడ రెండు, మూడు అంతస్తుల మధ్య మెట్ల మలుపులో దక్షిణం వైపు అద్దం లేని జాలీ ఉందని కనిపెట్టారు. పదిన్నరకి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒడిలో చాటెడు అనపకాయలు, కాళ్ల దగ్గర తొక్కలకి ఒక కవర్. జాలీ నీడలు ఆవిడ చీరమీద చిన్న చిన్న గళ్లు పడుతుంటాయి, ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకుంటారు. ఒకరోజు "ఆంటీ, టెర్రస్ మీదికి వెళ్లచ్చు కదా" అంటే "తాళం వేశారుగా బాబూ" అన్నారు. తర్వాత్తర్వాత ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు, ఒకాయన కన్నడం, ఒకావిడ తమిళం. కాయలు ఒలిచే చేతులు ఆరయ్యాయి.

అనపకాయలు అన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ ఊరి చలికాలాన్ని వంటింట్లోకి తెచ్చేది అదే. ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు, మాగడి వైపు కాయకి పేరు. పొగమంచు కురిసిన కాయ పట్టుకుంటే చేతికి జిడ్డుగా అంటుకునే ఆ వాసనని సొగడు అంటారు, అది లేకపోతే బేరం కూడా ఆడరు. గింజలు నానబెట్టి పితికి తొక్క తీస్తే మన చిత్తూరు, అనంతపురం వాళ్ల పితికిపప్పు తయారు. బసవనగుడిలో కార్తీక మాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె, అప్పుడు దొడ్డ గణపతి గుడి వీధులన్నీ పల్లీల రాశులే. జనవరిలో రిపబ్లిక్ డేకి లాల్‌బాగ్‌లో ఫ్లవర్ షో, అదే నెల మొదటి ఆదివారం చిత్రకళా పరిషత్ వాళ్ల చిత్రసంతె. ఇవన్నీ పగటిపూట, ఎండలో, నడుచుకుంటూ చూసేవి. వీకెండ్ పూట మాల్‌లో ఏసీ కింద గడిపేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఏడాదిలో ఈ ఊరి మధ్యాహ్నాలు ఇంత హాయిగా ఉండేది ఈ రెండు మూడు నెలలే.

బాల్కనీలో మొక్కలకీ ఇదే అదను. దక్షిణం, తూర్పు బాల్కనీలో నాలుగైదు గంటల ఎండ ఉంటే మెంతులు చల్లండి, వారంలోపే మొలకలు, నెల తిరక్కుండానే కూర. ధనియాలు రెండుగా నలిపి వేయాలి, మొలవడానికి పదిరోజుల దాకా పడుతుంది, ఓపిక పట్టండి, వేసవిలో త్వరగా పూతకొచ్చేసే కొత్తిమీర ఇప్పుడు నిలకడగా ఆకు ఇస్తుంది. పాలకూర, ముల్లంగి, బంతి, చామంతి కూడా. నీళ్లు పొద్దునపూట పోయండి, సాయంత్రం పోస్తే కుండీ రాత్రంతా చల్లగా తడిగా ఉండి వేరు కుళ్లుతుంది. ఉత్తరం బాల్కనీవాళ్లు పుదీనా, తమలపాకు పెట్టుకోండి, వెలుగుంటే చాలు వాటికి.

ఆ టెర్రస్ తాళం సంగతి మిగిలింది. దక్షిణం బాల్కనీ అందరికీ ఉండదు, ఎదురు బిల్డింగ్‌ని జరపలేం, కానీ ప్రతి అపార్ట్‌మెంట్‌కీ రోజంతా ఎండ పడే చోటు ఒకటుంది. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 ప్రకారం డిక్లరేషన్ పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప పైకప్పు అందరి ఉమ్మడి స్థలమే. తాళం వేయడానికి చెప్పే కారణాల్లో న్యాయం ఉంది, చిన్నపిల్లలు, ట్యాంక్ మూతలు, సోలార్ ప్యానెళ్లు. వాటికి సమాధానం కూడా ఉంది: ట్యాంక్ మూతలకి విడిగా తాళాలు, ప్యానెళ్ల చుట్టూ ఒక కంచె, పిట్టగోడ తక్కువ ఎత్తుంటే పైన రెయిలింగ్, సెక్యూరిటీ దగ్గర సంతకం పెట్టి తీసుకునే తాళంచెవి, కార్తీకం నుంచి శివరాత్రి దాకా రోజూ పదింటి నుంచి నాలుగింటి వరకు. రెండు బెంచీలు, ఒక పక్కన బట్టల తాళ్లు, సంక్రాంతి దాటాక గుమ్మడి వడియాలు పెట్టుకునేవాళ్లకి ఒక మూల. అక్టోబర్ మీటింగ్‌లోనే ఈ మాట ఎత్తండి, చలి మొదలయ్యాక ఎత్తితే తేలేసరికి మార్చి వస్తుంది. అద్దెకున్నవాళ్లు ఓనర్‌కి మెసేజ్ పెట్టి ఆయన చేత అడిగించండి, చాలా అసోసియేషన్లలో ఓటు ఓనర్‌దే.